పిలవని పేరంటం

ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగు మొదలుపెట్టినవాళ్ళు నన్నడిగే ప్రశ్నలు రెండు. గంటకి ఎంత తీసుకోవాలి? మెయిలు లిస్టు పెంచుకోవడం ఎలా? మొదటిదానికి నా దగ్గర ఎప్పుడూ సరైన జవాబు లేదు. ప్రతి కొత్త క్లయింటు దగ్గరా రేటు చెప్పేముందు నేనే ఒకసారి గుటకలు మింగుతాను. రెండోదాని గురించి మాత్రం గంటసేపు మాట్లాడగలను. ఇంట్లో మొదలుపెడితే మా ఆవిడ పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచి వెళ్ళిపోతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మీరూ వెళ్ళిపోవచ్చు, పై మూల ఇంటూ గుర్తు ఉండనే ఉంది.

లిస్టంటే మరేం లేదండీ. మన చేత పని చేయించుకున్నవాళ్ళూ, ఎప్పుడైనా చేయించుకుందాంలే అనుకుంటున్నవాళ్ళూ, వాళ్ళ మెయిలు చిరునామాలూ. నెలకో రెణ్ణెల్లకో వాళ్ళకి ఒక ఉత్తరం రాస్తాం. పని పడినప్పుడు మనం గుర్తొస్తాం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కానీ ఒంటరి కన్సల్టెంటుకి ఇదెంత ముఖ్యమో నెల నెలా జీతం వచ్చేవాళ్ళకి చెప్పడం కష్టం. మధ్యలో ఒక కంపెనీ ద్వారా వెళ్ళి పనిచేస్తే క్లయింటు ఆ కంపెనీవాడి మనిషి. కాంట్రాక్టు అయిపోయిన రోజున మనం బయటికి పట్టుకెళ్ళేది కాఫీ కప్పూ, బల్ల మీది పిల్లల ఫోటో. లింక్డిన్‌లో వెయ్యిమంది ఉన్నా, వాళ్ళలో ఎంతమందికి మన మాట వినపడాలో నిర్ణయించేది లింక్డిన్. చిరునామాల లిస్టు ఒక్కటే మనతోపాటు వచ్చేది. అది పొలం కాదు, పెరట్లో చిన్న బావి అనుకోండి. ఊరంతటికీ సరిపోదు, మనింటికి సరిపోతుంది.

నేనుండేది కెనడాలో, ఎడ్మంటన్‌లో. చలికాలం రాత్రుళ్ళు కారుకి కూడా కరెంటు తీగ తగిలించి పడుకోవాల్సిన ఊరు. (నిజంగానే. ఇంజను గడ్డకట్టకుండా ఒక హీటరుంటుంది, దాని ప్లగ్గు కారు ముందు నాలుకలా వేలాడుతుంది.) ఊరికి దక్షిణాన, విమానాశ్రయం దగ్గర, నిస్కు అని ఒక పారిశ్రామిక వాడ ఉంది. చమురు బావులకి కావలసిన పైపులు, వాల్వులు, వెల్డింగు, ట్రక్కులు అన్నీ అక్కడ దొరుకుతాయి. నా క్లయింట్లలో చాలామంది అలాంటివాళ్ళే. పదిమందో పదిహేనుమందో పనివాళ్ళుండే షాపులు. వాళ్ళ స్టాకు లెక్కలూ, బిల్లులూ, ఏ ట్రక్కు ఎక్కడుందో చూపించే చిన్న చిన్న ప్రోగ్రాములూ రాసిపెడుతుంటాను. గొప్ప టెక్నాలజీ ఏమీ కాదు. ఎక్కువభాగం ఎక్సెల్.

లిస్టు పెంచుకోవడం మీద దొరికే సలహాలన్నీ దాదాపు ఒకటే చెబుతాయి. ముందు ఉచితంగా ఏదన్నా ఇవ్వు, బదులుగా చిరునామా పుచ్చుకో. ఇదేదో ఈ మధ్యే కాలిఫోర్నియాలో కనిపెట్టినట్టు చెప్పేవాళ్ళని చూస్తే నాకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తొస్తారు. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన మనిషి బొంబాయి చేరి 1893లో అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పుడు ఆయన కూడా పరాయి ఊళ్ళో ఒంటరి తెలుగువాడే. తెలియని మందుని జనం ఎందుకు కొంటారు? ఆయన సంగీత కచేరీలకి దాన్ని పట్టుకెళ్ళి ఉచితంగా పంచేవారని చెబుతారు. కచేరీ అయ్యేసరికి తలనొప్పి ఎవరికో ఒకరికి వస్తుంది కదా! (పాట మీద వ్యాఖ్యానం కాదండీ. గంటల తరబడి కూర్చుంటే వస్తుందని.) 1908లో అక్కడినించే ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలుపెట్టారు, 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేశారు. తలనొప్పి మందు అమ్మిన డబ్బు పత్రికని నిలబెట్టింది.

ఆ కథలో ఉచితంగా పంచడం అనే ముక్క అందరికీ కనపడుతుంది. నాకు నచ్చింది వేరే. ఆయన డబ్బీ చేతికిచ్చారు. జనం నుదుటి మీద తనే రాసెయ్యలేదు. రాసుకోవాలా, జేబులో వేసుకోవాలా, పక్కవాడికి ఇచ్చెయ్యాలా అన్నది పుచ్చుకున్నవాడి ఇష్టం.

రాసెయ్యడం మొదలుపెట్టింది మా వృత్తివాళ్ళే. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో అమ్మకాలు చూసే గ్యారీ థ్యూర్క్ అనే ఆయన ఆర్పానెట్‌లో ఉన్న దాదాపు 400 మందికి తమ కొత్త కంప్యూటర్ల గురించి ఒకే మెయిలు పంపించాడు. అనుకోని మెయిలు అలా గుంపుగా వచ్చి పడటం అదే మొదలు అంటారు. ఇక 1994 ఏప్రిల్‌లో జరిగింది మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సిన సంగతి. అరిజోనాలో కాంటర్, సీగల్ అనే లాయరు దంపతులు వేలాది యూజ్‌నెట్ గుంపుల్లో ఒకే ప్రకటన గుమ్మరించారు. దేని గురించో తెలుసా? గ్రీన్‌కార్డు లాటరీ! వలస వచ్చినవాడి ఆశ మీదే మొదటి పెద్ద వల పడిందన్నమాట.

ఇంతకీ కెనడాలో ఉండి ఈ పని చెయ్యడంలో ఒక ప్రత్యేకత ఉంది. అమెరికాలో 2003లో చేసిన చట్టం ప్రకారం వ్యాపారపు మెయిలు ముందుగా అడక్కుండా పంపొచ్చు. వద్దన్నవాళ్ళకి మానెయ్యాలి, మాయమాటలు రాయకూడదు. కెనడా చట్టం దీనికి తిరగేసి ఉంటుంది. ముందు ఒప్పుకుంటేనే పంపాలి. 2014 జూలై 1న అమల్లోకి వచ్చింది. పొట్టిగా 'కాసిల్' అంటారు, కోట అన్నట్టు. నిజంగా కోటే. తలుపు తట్టడానికి కూడా అనుమతి కావాలి. "మీకు మెయిళ్ళు పంపొచ్చాండీ?" అని అడుగుతూ పంపే మెయిలు కూడా వ్యాపారపు మెయిలు కిందకే వస్తుంది!

దీన్ని ఇక్కడి లాయర్లు పేజీలకి పేజీలు వివరిస్తారు గానీ, మన పేరంటం తెలిసినవాళ్ళకి ఐదు నిమిషాల పని. బొట్టు పెట్టి పిలిస్తే వెళ్ళాలి. పిలవకపోతే, పక్కింట్లోనే అయినా, వెళ్ళకూడదు. ఒకరి మెయిలు పెట్టె అంటే వాళ్ళిల్లు. వాళ్ళు మనకి బొట్టు పెట్టాలి. మనమే కుంకుమ భరిణె పట్టుకెళ్ళి వాళ్ళ చెయ్యి పట్టుకుని మన నుదుట పెట్టించుకుంటే చెల్లదు. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి అలాంటిదే, ఈ చట్టం దాన్ని ఒప్పుకోదు.

పిలవకపోయినా పిలిచినట్టే లెక్కేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మన దగ్గర పని చేయించుకున్న క్లయింటైతే రెండేళ్ళు. "మీ రేటెంతండీ" అని వాకబు చేసి ఊరుకున్నవాడైతే ఆర్నెల్లు. విజిటింగు కార్డు చేతికిచ్చి, మెయిళ్ళు పంపొద్దని అనకపోతే, అతని పనికి సంబంధించిన విషయం మీద రాయొచ్చు. ఈ గడువులు దాటాక మళ్ళీ పిలుపు కావాలి. ప్రతి మెయిల్లోనూ మన పేరూ, పోస్టు చిరునామా, మానుకునే దారీ ఉండాలి. మానతానన్నవాణ్ణి పది పనిదినాల్లో తీసెయ్యాలి. ఇంట్లోనించి పనిచేసేవాళ్ళకి ఈ పోస్టు చిరునామా ఒక తంటా. ఇంటి నంబరు అందరికీ పంచడం ఇష్టం లేక నేను పోస్టాఫీసులో ఒక పెట్టె అద్దెకి తీసుకున్నాను. ఏడాదికొకసారి ఆ అద్దె కడుతున్నప్పుడల్లా ఇదేం చోద్యమా అనిపిస్తుంది. కాగితం మీద ఉత్తరం రాయనివాడికి ఉత్తరాల పెట్టె!

జరిమానా ఎంతో చెబితే నమ్మరు. కంపెనీకైతే ఒక్కో ఉల్లంఘనకి కోటి డాలర్ల దాకా, ఒంటరి మనిషికైతే పది లక్షల దాకా. 2015 మార్చిలో క్యూబెక్‌లో శిక్షణ తరగతులు నడిపే కంప్యు-ఫైండర్ అనే సంస్థకి 11 లక్షల డాలర్ల జరిమానా నోటీసిచ్చారు. 2017లో దాన్ని రెండు లక్షలకి తగ్గించారు. తగ్గించినా రెండు లక్షలే! అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, పిలిచాడని రుజువు చేసుకోవలసిన భారం పంపినవాడి మీదే ఉంటుంది.

అందుకని మొదటినించీ నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే పుస్తకం చూశారుగా, "శ్రీ ఫలానావారు, ఫలానా ఊరు, నూట పదహార్లు" అని. అచ్చం అలాగే. ఎవరు, ఏ తేదీన, ఎక్కడ, ఏ మాటతో ఒప్పుకున్నారు. కంప్యూటర్లోనూ ఉంది గానీ పుస్తకంలో రాస్తే నాకు మనిషి గుర్తుంటాడు. "మార్చి 11, నిస్కు, కౌంటరు దగ్గర, 'సరే పంపు, కానీ పెద్దగా రాయకు' అన్నాడు." ఆ 'పెద్దగా రాయకు' అన్న ముక్క నాకు ఏ సలహాదారుడూ ఇవ్వని సలహా.

ఇప్పుడు 2015 సంగతి చెప్పాలి. చెప్పకపోతే పైదంతా చట్టం పాఠంలా ఉండిపోతుంది.

2014 జూన్‌లో పీపా నూరు డాలర్లు దాటి ఉన్న చమురు, 2016 మొదట్లో ముప్ఫైకి దిగువకి పడింది. చమురు పడితే ఎడ్మంటన్‌లో ముందు పడేది మాలాంటివాళ్ళం. షాపువాడు వెల్డర్ని పంపించే ముందు కంప్యూటరువాణ్ణి మానిపిస్తాడు. తప్పనను, నేనైనా అదే చేస్తాను. 2015 ఆగస్టులో ఒక కాంట్రాక్టు ఆగింది, అక్టోబరులో రెండోది. నవంబరులో నేను రాసిన ఇన్వాయిసులు సున్నా. పిల్లలు చిన్నవాళ్ళు. ఇంటి అప్పు పెద్దది. అప్పటికి నా లిస్టులో ఉన్నది 41 మంది.

ఆ నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం బాబాయిగారు మా ఇంటికొచ్చారు. సొంత బాబాయి కాదు, ఊళ్ళో మనవాళ్ళందరికీ బాబాయిగారే. పండగలకి హాలు మాట్లాడేదీ, పులిహోరకి చింతపండు నానబోయించేదీ ఆయనే. నేను ఈ ఊళ్ళో దిగినప్పుడు విమానాశ్రయానికి ఒక పాత కోటు చంకలో పెట్టుకుని వచ్చింది ఆయనే. కారుకి తీగ తగిలించడం నేర్పింది ఆయనే. ఆయన ముందు నేను గట్టిగా మాట్లాడిన సందర్భం లేదు.

పిన్నిగారిచ్చిన తొక్కుడులడ్డూల డబ్బా మా ఆవిడ చేతికిచ్చి, జేబులోంచి ఒక చిన్న యూఎస్‌బీ పుల్ల తీసి బల్ల మీద పెట్టారు.

"అబ్బాయ్, ఇందులో ఆరొందల చిల్లర చిరునామాలున్నాయి. పదేళ్ళుగా మన పండగలకి వచ్చినవాళ్ళందరివీను. సగంమందికి ఏదో ఒక వ్యాపారం ఉంది. ఒక్క మెయిలు కొట్టావంటే నీకు పనికి కొదవుండదు."

"బాబాయిగారూ, వాళ్ళు పండక్కి పిలుస్తారని ఇచ్చిన చిరునామాలండీ అవి."

"అయితే? మనవాళ్ళే కదయ్యా. మనవాళ్ళ దగ్గర పర్మిషనేవిటి?"

"మీరు పిలిస్తే పండక్కొస్తారు. నేను రాస్తే, ఈయనెవరు, మా చిరునామా ఎక్కడిది అంటారు."

"నా పేరు చెప్పి రాయి. బాబాయి పంపించాడని రాయి. కాదనేవాడెవడు?"

నిజానికి చట్టంలో అలాంటి వెసులుబాటు ఒకటుంది. ఇద్దరినీ ఎరిగున్న మనిషి సిఫార్సు చేస్తే, ఆయన పూర్తి పేరు రాసి, ఒకే ఒక్క మెయిలు పంపొచ్చు. కానీ అది ఒకళ్ళిద్దరి విషయంలో మాట. ఆరొందలమందినీ ఆయన ఒక్కొక్కరుగా ఎరిగుండటం ఆయనకైనా కుదిరే పని కాదు. ఆ బృందానికి తన సభ్యులకి రాసుకునే హక్కుంది, అది నాకు అప్పివ్వగలిగేది కాదు. ఇదంతా ఆయనకి చెప్పలేదు. చెప్పినా వినేది కాదు. ఎందుకంటే ఆయన ఇస్తున్నది చిరునామాలు కాదు, సాయం. ఆ పాత కోటు లాంటిదే ఇంకోటి.

పుల్ల తీసి ఆయన చేతిలోనే పెట్టాను. "మీకు తెలిసినవాళ్ళెవరికైనా నిజంగా నాతో పని ఉంటే, నా నంబరు ఇవ్వండి బాబాయిగారూ. వాళ్ళని ఫోన్ చెయ్యమనండి. అదే పెద్ద సాయం."

"నీకు అవసరం లేదన్నమాట," అన్నారు. కాఫీ తాగకుండా లేచారు. ఆ సంక్రాంతికి పలకరించారు గానీ, అబ్బాయ్ అనలేదు. పేరు పెట్టి పిలిచారు. ఆ తేడా మీకు తెలియందేముంది.

మా ఆవిడ మాత్రం ఆ రాత్రి ఒకటే మాటంది. "జరిమానాకి భయపడి వద్దన్నారా, లేకపోతే నిజంగానే వద్దనుకున్నారా?" రెండూ అన్నాను. ఇప్పుడడిగినా రెండూ అనే అంటాను.

ఆ వారం నా 41 మందికి ఉత్తరం రాశాను. పని ఇప్పించండి అని కాదు. ముప్పావు అంగుళం ఫిట్టింగు గురించి. పైపుల షాపుల్లో కొలతలన్నీ భిన్నాల్లో ఉంటాయి. ఎక్సెల్ గడిలో 3/4 అని కొట్టారనుకోండి, అది దాన్ని తేదీ అనుకుని మార్చి 4 చేసేస్తుంది. అర అంగుళం ఫిట్టింగు జనవరి 2 అవుతుంది. స్టాకు లిస్టంతా పంచాంగంలా తయారవుతుంది. నవ్వుతాలు కాదు, ఈ జబ్బు శాస్త్రవేత్తల్ని కూడా వదల్లేదు. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లున్న మానవ జన్యువుల్ని ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు! సరే, నా ఉత్తరంలో విరుగుడు నాలుగు వాక్యాల్లో రాశాను. కొట్టేముందు ఆ నిలువు వరసని 'టెక్స్టు'గా మార్చుకోండి, ఒకటి రెండు గడులే అయితే ముందు ఒక అపాస్ట్రఫీ గుర్తు (') పెట్టండి, ఇప్పటికే తేదీలైపోయినవాటిని ఎలా పట్టుకోవాలి, ఇలా. కింద నా పేరూ, పోస్టు పెట్టె నంబరూ.

ఏడుగురు జవాబిచ్చారు. 41లో ఏడుగురంటే ఈ విద్యలో గొప్పే. వాళ్ళలో నలుగురు థాంక్స్ చెప్పి ఊరుకున్నారు. ఒకాయన తన లిస్టు పంపించి ఇది బాగుచెయ్యి అన్నాడు, అది రెండు రోజుల పని. ఇంకొకాయన జనవరిలో పిలిచాడు, ఆ షాపు ఇప్పటికీ నా క్లయింటే. మిగిలినాయన తన బావమరిది షాపుకి చెప్పాడు. అక్కణ్ణించి ఇంకో ఇద్దరు "మాకూ పంపు" అని వాళ్ళంతట వాళ్ళే రాశారు. 41 మంది లిస్టు ఆ చలికాలం మమ్మల్ని గట్టెక్కించిందని రాస్తే కథ బావుంటుంది గానీ అబద్ధమవుతుంది. ఆ చలికాలం ఇల్లు నడిపింది మా ఆవిడ జీతం. లిస్టు చేసిందల్లా ఏమిటంటే, రోజూ పొద్దున్న కంప్యూటరు ముందు కూర్చోవడానికి నాకొక కారణం ఇచ్చింది.

ఆ పుల్ల సంగతి కూడా చెప్పాలి కదా. దాన్ని తర్వాత ఇంకెవరో తీసుకున్నారు, ఇళ్ళ అమ్మకాలు చూసే కుర్రాడు. పాపం అతనికీ అది గడ్డుకాలమే. ఆ పండగల బృందం మెయిలు ఖాతాలోంచే నాలుగైదుసార్లు ప్రకటనలు వెళ్ళాయి. జనం ఊరుకుంటారా? చెత్త అని నొక్కారు. అలా నొక్కినప్పుడు ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఆ ఒక్క మెయిలు మాయమవడంతో అయిపోదు. ఈ పంపినవాడి మెయిళ్ళు జనానికి అక్కర్లేదు అని గూగుల్లాంటివాళ్ళు లెక్క రాసుకుంటారు. లెక్క పెరిగేకొద్దీ ఆ చిరునామానించి వచ్చేవన్నీ తిన్నగా చెత్త పెట్టెలోకి పోతాయి, నొక్కనివాళ్ళకి కూడా. 2016 ఉగాదికి అదే జరిగింది. ఆహ్వానాలన్నీ వెళ్ళాయి, ఎవరికీ కనపడలేదు. "మమ్మల్ని పిలవలేదేం?" అని నిష్ఠూరాలు. బొట్టు పెట్టి పిలిచిన పేరంటం కూడా పిలవనట్టే అయింది.

బాబాయిగారు ఆ ఉగాదికి కూర్చుని ఇంటింటికీ ఫోన్లు చేశారు. నాకూ చేశారు. "అబ్బాయ్, ఆదివారం పొద్దున్నే వచ్చి కుర్చీలు వెయ్యాలి," అన్నారు. వెళ్ళి వేశాను. లిస్టు ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాత నా లిస్టు ఎలా పెరిగిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పని పూర్తయిన రోజున, డబ్బు చేతికొచ్చాక, "నెలకొక చిన్న చిట్కా పంపుతుంటాను, కావాలా?" అని నోటితో అడుగుతాను. డబ్బు రాకముందు అడిగితే మొహమాటానికి సరేనంటారు, అది పిలుపు కాదు. ఇన్వాయిసు అడుగున ఒక లైను ఉంటుంది. చలికాలంలో రెండుసార్లు లైబ్రరీ గది తీసుకుని చిన్న షాపులవాళ్ళకి ఎక్సెల్ మీద ఉచితంగా చెప్పాను. బయట మైనస్ ఇరవై ఎనిమిది, లోపల తొమ్మిదిమంది. వెళ్ళేటప్పుడు ఆరుగురు వాళ్ళ చేత్తోనే కాగితం మీద చిరునామా రాసిచ్చారు. ఆ ఆరుగురిలో ముగ్గురు తర్వాత క్లయింట్లయ్యారు. డబ్బు పోసి ప్రకటనలిచ్చి తెచ్చుకున్న చిరునామాలు ఇలా ఫలిస్తాయా అంటే, నా పాటి వ్యాపారంలో ఫలించవనే అంటాను.

ఎప్పుడు పంపాలి అన్నదాని మీద కూడా బోలెడు శాస్త్రం ఉంది. మంగళవారం పది గంటలకి అంటారు. ఎవరి మంగళవారం? ఇక్కడ మార్చి ఆఖరున మంచు కరగడం మొదలవగానే పల్లె రోడ్లు మెత్తబడతాయి. బరువు ట్రక్కులు రోడ్లని చీల్చేస్తాయని బరువు మీద ఆంక్షలు పెడతారు. బావుల దగ్గరికి యంత్రాలు కదలవు. దీన్ని 'బ్రేకప్' అంటారు. (మా అబ్బాయి ఈ మాట విని వేరే ఏదో అనుకున్నాడు.) చలికాలమంతా ఊపిరాడకుండా పనిచేసిన షాపులవాళ్ళకి ఆ కొద్ది వారాలే తీరిక. బల్ల ముందు కూర్చుంటారు, పాత బిల్లులు చూసుకుంటారు, ఈ ఏడైనా లెక్కలు దారిలో పెడదాం అనుకుంటారు. నా ఉత్తరాల్లో పని తెచ్చిపెట్టేవి ఎక్కువగా ఏప్రిల్ ఉత్తరాలే. మన రైతుకి ఎరువుల ప్రకటన కోతల మధ్యలో ఇస్తే చదువుతాడా? ఇదీ అంతే.

మెయిలు తెరిచారో లేదో చూసుకునే సదుపాయం కూడా ఉంది గానీ నేను దాన్ని ఆపేసుకున్నాను. ఒకప్పుడు తెలుగు బ్లాగుల్లో ఈమెయిలుని 'వేగు' అనేవాళ్ళం గుర్తుందా? వేగు అంటే గూఢచారి అని కూడా అర్థం. ఉత్తరంలో కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఒకటి దాచి, అది ఎప్పుడు తెరుచుకుందో కబురు పంపించుకోవడం అచ్చంగా వేగు పనే. 2021లో ఆపిల్ తన మెయిల్లో ఆ బొమ్మల్ని ముందుగానే తనే తెరిచేసే ఏర్పాటు తెచ్చాక ఆ గూఢచారికి చూపు పోయింది. తెరవనివాళ్ళు కూడా తెరిచినట్టే కనపడతారు. నాకు జవాబులు లెక్కపెట్టుకోవడం చాలు, వేళ్ళ మీద అయిపోతుంది.

ఇప్పుడు లిస్టులో 212 మంది ఉన్నారు. పదేళ్ళకి పైగా పట్టింది. సగానికి పైగా మనుషుల్ని గొంతు వింటే గుర్తుపడతాను. ఏడాదికి పదిమంది దాకా మానేస్తారు. షాపు అమ్మేసినవాళ్ళు, రిటైరై బ్రిటిష్ కొలంబియా వెళ్ళిపోయినవాళ్ళు, విసుగెత్తినవాళ్ళు. మానేసినవాణ్ణి ఎందుకని అడగను. పేరంటానికి వచ్చి లేచి వెళ్ళేవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి కారణం అడుగుతామా?

పోయినేడాది ఒక మెయిలొచ్చింది. 'పెద్దగా రాయకు' అన్నాయన చిరునామానించే, కానీ రాసింది ఆయన కూతురు. నాన్నగారు పోయారు, ఆయన పేరు తీసెయ్యండి అని. తీసేశాను. నోటు పుస్తకంలో ఆయన వరస పక్కన తేదీ వేశాను. రెండు వారాల తర్వాత ఇంకో మెయిలు, ఈసారి ఆవిడ సొంత చిరునామానించి. షాపు తనే నడుపుతోందట. గోడకి నాన్న గుచ్చి ఉంచిన కాగితాలు నా ఉత్తరాలేనని ఇప్పుడే చూసిందట. తనకీ పంపమంది. కొత్త వరస, కొత్త తేదీ. ఆ నెల ఉత్తరం డీజిల్ రసీదుల మీద. మర్నాడే జవాబిచ్చింది. డీజిల్ సంగతి తర్వాత, మా నాన్న ఫైళ్ళలో పాత ఫిట్టింగులన్నీ ఇంకా మార్చి 4 అనే ఉన్నాయి, అవి ఏం చెయ్యాలి అని. శనివారం వచ్చి చూస్తానని రాశాను.